పాత కారు, ఆన్‌లైన్ వేలం: అమ్మేవారి బాధ్యత

ఇంట్లో పాత కారు అమ్మాలంటే ఒకప్పుడు మెకానిక్ చెవిన వేసేవాళ్ళం. అతను బ్రోకర్‌కు చెప్పేవాడు. జుమా నమాజు తర్వాత మస్జిదు బయట నలుగురికి ఆ మాట చేరేది. కొనేవాడు ఏ వీధివాడో, ఎవరి కొడుకో తెలిసేది. ఇప్పుడు సెల్‌ఫోనులో నాలుగు ఫోటోలు పెడితే చాలు, ముఖం తెలియనివారు ధర పాడుతున్నారు. మన దేశంలో ఇటువంటి వేలాన్ని మామూలు ఇళ్ళకు పరిచయం చేసినవాటిలో బాజీ డాట్ కామ్ ఒకటి. 2004లో దాన్ని ఈబే కొన్నది. ఆ ఈబే ఇండియా 2018లో మూతపడింది గాని వేలం పద్ధతి పోలేదు. కొన్ని చోట్ల ఎవరైనా ధర చెప్పవచ్చు. మరికొన్ని చోట్ల సంస్థ మనిషి ఇంటికొచ్చి కారు తనిఖీ చేస్తే, ఆ నివేదిక చూసి డీలర్లు పోటీపడి పాడతారు.

ఈ వ్యాసం రాయడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. అమ్మాయి నర్సింగ్ కాలేజీ ఫీజు కోసం మా 2013 నాటి కారు అమ్మవలసి వచ్చింది. ఆ కారుకు 2019లో జడ్చర్ల దగ్గర ప్రమాదం జరిగింది. ఎడమవైపు వెనక తలుపు, దాని పక్కనున్న స్తంభం నలిగిపోయాయి. రిపేరు ఎంత బాగా చేశారంటే ఇప్పుడు చూసినవారెవరూ పోల్చలేరు. ప్రకటన రాయడానికి కూర్చున్నప్పుడు మా బావమరిది రెండు సలహాలు ఇచ్చాడు. ఒకటి, ప్రమాదం సంగతి రాయవద్దు, కొనేవాడు మెకానిక్‌ను తెచ్చుకుంటాడు కదా, చూసుకోవడం అతని పని. రెండు, తన స్నేహితులు ఇద్దరు పాటలో చేరి ధర పైకి తెస్తారు. చెడ్డ ఉద్దేశంతో చెప్పిన మాటలు కావు. ఫీజు గడువు దగ్గరపడింది, మా మీద ప్రేమతోనే చెప్పాడు. కనుకనే ఆగి ఆలోచించవలసి వచ్చింది.

ముందుగా వేలం సంగతి. ఒకరు బేరమాడుతున్న వస్తువు మీద మరొకరు బేరమాడకూడదని దైవప్రవక్త (సఅసం) వారించారు. మరి వేలంలో జరిగేది అదే కదా అని కొందరు అడుగుతారు. అమ్మేవాడు ఇంకా ఎవరి ధరకూ ఒప్పుకోలేదు, అందరినీ తానే పిలిచాడు, కనుక అది వేరు. సహాయం కోరి వచ్చిన ఒక అన్సారీ సహాబీ ఇంట్లోని దుప్పటిని, పాత్రను ప్రవక్త (సఅసం) తెప్పించి అక్కడున్నవారి ముందు పెట్టిన ఉదంతం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఒకరు ఒక దిర్హము ఇస్తానన్నారు. ఇంకా ఎక్కువ ఇచ్చేవారెవరని ఆయన రెండు మూడు సార్లు అడిగారు. మరొకరు రెండు దిర్హములకు తీసుకున్నారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, మరొక దిర్హముతో గొడ్డలి కొని, కట్టెలు కొట్టి అమ్ముకోమని ఆ సహాబీకి చెప్పారు.

అయితే కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికి మాత్రమే పాడటాన్ని నజ్ష్ అంటారు. దీన్ని నిషేధించే హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. బావమరిది స్నేహితులు చేస్తామన్నది సరిగ్గా అదే. రెండు ఫోన్ నంబర్లతో ఒకే మనిషి పాడినా, అమ్మేవాడే మారుపేరుతో పాడినా నజ్షే. ధర మరీ తగ్గిపోతుందని భయం ఉంటే దానికి సరైన దారి ఉంది: ఇంతకు తక్కువైతే ఇవ్వనని కనీస ధర ముందే పెట్టుకోవడం. అందులో ఎవరికీ మోసం లేదు.

ఇక లోపం దాచే సంగతి. బజారులో ధాన్యపు కుప్పలో ప్రవక్త (సఅసం) చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పుకున్నాడు. జనం చూసేలా ఆ తడి గింజల్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. ఇక్కడ గమనించండి: ఆ వ్యాపారి అబద్ధమాడలేదు, తడిపింది కూడా అతను కాదు. ఎండిన గింజలు పైన ఉండనిచ్చాడు, అంతే. మా కారు మీది కొత్త రంగు కూడా పైనున్న ఎండిన గింజల వంటిదే. “ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం” అని ఒక వాక్యం రాస్తే సరిపోతుందని కొందరంటారు. మనకు తెలియని లోపాల విషయంలో ఆ మాటకు విలువ ఉండవచ్చు. తెలిసిన లోపాన్ని కప్పడానికి అది పనికిరాదు.

ప్రమాదం సంగతి, ఏయే భాగాలు మార్చారో, బిల్లు ఫోటోతో సహా ప్రకటనలో పెట్టాం. పాటలు తగ్గాయి, నిజమే. మేము అనుకున్నదానికి 35 వేలు తక్కువగా ఆగిపోయింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

ప్రకటన పెట్టేముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, ఆర్.సి. ఎవరి పేరున ఉందో చూడాలి. చనిపోయిన తండ్రిగారి పేరుమీద ఉన్న బండిని పెద్దకొడుకు అమ్మేయడం మనలో మామూలైపోయింది. చట్టప్రకారం ముందు ఫారం 31తో వారసుని పేరుకు మార్పించుకోవాలి. ధర్మప్రకారం అది వారసులందరి ఆస్తి. పెళ్ళిళ్ళై వెళ్ళిపోయిన అక్కాచెల్లెళ్ళకూ అందులో వాటా ఉంది. వారి అంగీకారం లేని అమ్మకం మన సొంతం కానిదాన్ని అమ్మడమే. “చెల్లెలు ఏమీ అనుకోదులే” అనేవారు ఒకసారి ఆమెను అడిగి చూడాలి.

రెండవది, అప్పు తీసుకొని కొన్న బండైతే అప్పు తీరినా ఆర్.సి. మీద హైపోథికేషన్ అలాగే ఉండిపోతుంది. అప్పిచ్చినవారి నుంచి ఎన్.ఓ.సి., ఫారం 35 తెచ్చి దాన్ని తొలగించాలి. పాత చలాన్లు కట్టెయ్యాలి. ఫోటోల్లో ఆర్.సి. కార్డు, ఛాసిస్ నంబరు కనిపించకుండా చూసుకోవాలి. ఆ నంబర్లతో దొంగ బండికి కాగితాలు పుట్టించేవారు ఉన్నారు.

బండి చూడటానికి వచ్చేవారిని పగటిపూట, నలుగురు తిరిగే చోటికి రమ్మనాలి. మగవారు ఇంట్లో లేని సమయంలో కొత్తవారిని గుమ్మంలోకి పిలవనక్కర లేదు. నడిపి చూస్తానంటే ముందు లైసెన్సు చూసి, మనవారొకరు పక్కన కూర్చోవాలి. తాళం చేతికిచ్చి పంపిన తర్వాత విచారించి లాభం లేదు.

డబ్బు చేతికి వచ్చే దగ్గరే మోసాలు ఎక్కువ. ఒక రకం కథ చాలామందికి ఎదురవుతోంది. ఫోను చేసినవాడు తాను సైనికుడినని, దూరంగా డ్యూటీలో ఉన్నానని చెబుతాడు. గుర్తింపు కార్డు ఫోటో పంపుతాడు. బండి చూడకుండానే, బేరం కూడా ఆడకుండానే అడిగిన ధరకు ఒప్పుకుంటాడు. డబ్బు పంపుతున్నాను, ఈ క్యూ.ఆర్. కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి అంటాడు. మన ఖాతా ఖాళీ అవుతుంది. యు.పి.ఐ. పిన్ డబ్బు పంపడానికే అవసరం, డబ్బు అందుకోవడానికి ఎప్పుడూ అవసరం లేదు. ఈ ఒక్క మాట ఇంట్లోని పెద్దవాళ్ళకూ పిల్లలకూ కంఠస్తం చేయించాలి. డబ్బు జమైనట్టు వచ్చే మెసేజీ, కొనేవాడు చూపే స్క్రీన్‌షాట్ రెండూ నకిలీవి కావచ్చు. మన బ్యాంకు ఖాతా మనమే తెరిచి నిల్వ చూసుకోవాలి. చెక్కు ఇస్తే అది వసూలయ్యేదాకా బండి కదలకూడదు. నగదు ఇస్తానంటే ఒక అమ్మకానికి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం 2017 నుంచి నిషేధించింది. పొరపాటున మోసపోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోను చెయ్యాలి. తొందరగా చెబితే డబ్బు దారిలోనే ఆగే అవకాశం ఉంటుంది.

మా కారుకు చివరికి నల్గొండ వ్యక్తి పాట నిలిచింది. తానే వచ్చి, మెకానిక్‌తో చూపించి, బయానాగా 5 వేలు ఇచ్చారు. మాట ఇచ్చాం. అదే సాయంత్రం మరొకరు ఫోను చేసి 20 వేలు ఎక్కువ ఇస్తామన్నారు. బావమరిది మా ముఖం వంక చూశాడు. బేరం కుదిరిన తర్వాత వచ్చిన ఈ పాట వేలం పాట కాదు, ప్రవక్త (సఅసం) వారించిన ఆ రెండవ బేరమే. బండి అమ్ముడైందని చెప్పి ఫోను పెట్టేశాం. బయానా గురించి కూడా ఒక మాట. కొనేవాడు వెనక్కి తగ్గితే దాన్ని మనమే ఉంచుకోవచ్చా? హంబలీ పండితులు ఉంచుకోవచ్చంటారు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖహ్ ప్రకారమైతే తిరిగి ఇచ్చెయ్యాలి. మేము ఆ సంగతి ముందే ఆయనకు చెప్పాం. కొంచెం ఆశ్చర్యపోయారు.

బఖరా సూరా 282వ ఆయతు ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైనది. అది గడువుపెట్టిన అప్పులను రాసుకోవడం గురించీ, క్రయవిక్రయాలకు సాక్షులను పెట్టుకోవడం గురించీ చెబుతుంది. తెలిసినవారే కదా అని మనం రాత మానేస్తాం. కారు అప్పగించేటప్పుడు రెండు ప్రతుల్లో కాగితం రాయాలి. తేదీ, సమయం నిమిషంతో సహా, మీటరు మీద కిలోమీటర్లు, అందిన సొమ్ము, చెప్పిన లోపాలు, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉండాలి. ఫారం 29, ఫారం 30ల మీద కొనేవారి పేరు, చిరునామా నింపిన తర్వాతే సంతకం చెయ్యాలి. ఖాళీ ఫారాల మీద సంతకం అడిగే డీలర్లు నేటికీ ఉన్నారు. ఆ కాగితాలతో బండి నాలుగు చేతులు మారినా పేరు మాత్రం మనదే ఉంటుంది. పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ అధికార పత్రం పొందాలనీ, బండి వారి చేతికి అప్పగించిన సంగతి ఫారం 29సి ద్వారా తెలియజేయాలనీ నియమం 2023 ఏప్రిల్ నుంచి ఉంది. డీలరుకు అమ్మేవారు ఆ పత్రం చూపమని అడగాలి. ఆధార్ నకలు ఇస్తే దాని మీద ఎందుకు ఇస్తున్నామో, తేదీతో సహా అడ్డంగా రాసి ఇవ్వాలి.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు అమ్మినవారు 14 రోజుల్లో రవాణా అధికారికి తెలియజేయాలి. కొన్నవారికి 30 రోజుల గడువు ఉంది. తెలంగాణ బండిని కర్నూలులోనో గుంటూరులోనో ఉన్నవారికి అమ్మితే ఫారం 28తో ఎన్.ఓ.సి. తీసుకోవాలి. ఇవి దండగమారి తిరుగుళ్ళు అనుకునేవారు 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు గురించి తెలుసుకోవాలి. ఆ కేసులో కారు అనేక చేతులు మారింది. ప్రమాదం జరిగిననాటికి రిజిస్ట్రేషన్ మాత్రం మొదట అమ్మినవ్యక్తి పేరుమీదనే ఉంది. నష్టపరిహారం బాధ్యత ఆ పేరుగల వ్యక్తిదేనని కోర్టు తేల్చింది.

మాకూ కొంచెం రుచి తగిలింది. అమ్మిన ఆరు వారాలకు అతివేగం చలాను ఒకటి మా ఫోనుకు వచ్చింది. నల్గొండ సోదరుడు పేరు మార్పించుకోవడం వాయిదా వేస్తూ వచ్చారట. మేము 14 రోజుల్లోపే ఫారం 29 ఇచ్చి రశీదు తీసుకున్నాం గనుక గాభరాపడలేదు. తేదీ, సమయం ఉన్న కాగితం ఫోటో ఆయనకు పంపాం. ఆయన నొచ్చుకుని చలాను కట్టారు, పది రోజుల్లో పేరు మార్పించుకున్నారు. మా అద్దం మీది ఫాస్టాగ్‌ను మాత్రం మేమే మరిచిపోయాం. అమ్మినరోజే బ్యాంకుకు చెప్పి మూయించవలసింది. రెండు టోల్ గేట్ల డబ్బు మా ఖాతాలోంచి పోయింది. ఆయన అది కూడా ఇస్తానన్నారు. తప్పు మాది కనుక తీసుకోలేదు.

ఇన్సూరెన్సు బండితోపాటు వెళ్తుంది గాని క్లెయిము చేయని సంవత్సరాలకు వచ్చే తగ్గింపు మనిషికి చెందినది. కంపెనీని అడిగి దాని ధృవపత్రం తీసుకుంటే మూడేళ్ళలోపు కొనే మరో బండికి వాడుకోవచ్చు. మాది బీరువాలో ఉంది. బావమరిది స్కూటరు అమ్మకానికి పెట్టబోతున్నాడు. ప్రకటన రాసి తెచ్చి చూపించాడు. క్లచ్ జారుతుందన్న సంగతి మొదటి వరుసలోనే రాశాడు.