పిల్లల్లో హఠాత్తుగా కిడ్నీలు దెబ్బతింటే: మొదట చూడాల్సింది మూత్రమే

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరంలో ఉద్యోగాల కోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ మే నెల ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ వేడిలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పసిబిడ్డ ఒంట్లో నీరు గంటల్లోనే తగ్గిపోతుంది. కిడ్నీలకు రక్తం సరిగా అందక, అవి మలినాలను వడకట్టలేవు. దీన్నే వైద్యులు 'అక్యూట్ కిడ్నీ ఇంజురీ' అంటారు. త్వరగా గుర్తిస్తే చాలామంది పిల్లలు కోలుకుంటారు.

ఎలా గుర్తించాలి?

కిడ్నీలు దెబ్బతిన్నా చాలాసార్లు నొప్పి తెలియదు. కిలో బరువుకు గంటకు 0.5 మి.లీ. కన్నా తక్కువ మూత్రం 6 గంటల పాటు వస్తే వైద్యులు ప్రమాదంగా లెక్కిస్తారు. 10 కిలోల బిడ్డకు ఇది 6 గంటల్లో 30 మి.లీ., అంటే ఆరు టీస్పూన్లు. ఇంట్లో కొలవలేం కాబట్టి, జబ్బుపడిన బిడ్డ పగటిపూట 6 గంటలుగా మూత్రం పోయకపోతే ఆలస్యం చేయకూడదు. మూత్రం టీ డికాషన్ రంగులో రావడం, కళ్ల చుట్టూ వాపు, ఆయాసం, మగత కూడా హెచ్చరికలే. గొంతునొప్పి లేదా చర్మంపై పుండ్లు వచ్చిన కొన్ని వారాలకు ఇవి కనిపించవచ్చు.

మందులతోనూ ముప్పు

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పొరుగున మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కల్తీ దగ్గుమందు తాగిన పిల్లలు కిడ్నీలు పాడై మరణించారు. 'కోల్డ్‌రిఫ్' సిరప్ నమూనాలో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉన్నట్లు పరీక్షలో తేలింది. అనుమతించిన పరిమితి 0.1 శాతమే. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వాడవద్దని కేంద్రం అప్పుడు సూచించింది. విరేచనాలతో నీరసించిన బిడ్డకు ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు ఇవ్వడం కూడా కిడ్నీలకు చేటే.

చికిత్స

విరేచనాలు మొదలవగానే ఓఆర్ఎస్ తాగించాలి. తల్లిపాలు ఆపకూడదు. కానీ మూత్రం ఆగి, ముఖం వాచిన బిడ్డకు బలవంతంగా నీళ్లు పట్టకూడదు. కొబ్బరినీళ్లు, పళ్లరసాలు అసలే వద్దు. వాటిలోని పొటాషియం బయటకు పోక గుండె లయను దెబ్బతీస్తుంది.

ఆసుపత్రిలో రక్తంలో క్రియాటినిన్, పొటాషియం చూస్తారు. హాని చేసే మందులు ఆపి, ద్రవాలను లెక్కగా ఇస్తారు. అవసరమైతే కిడ్నీలు కోలుకునే దాకా డయాలిసిస్ చేస్తారు. చిన్నపిల్లలకు పొట్టలోకి ద్రవం పంపి చేసే పద్ధతి కూడా ఉంది.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు బిడ్డకు వాడిన మందు సీసాలన్నీ తీసుకెళ్లండి. చివరిసారి మూత్రం ఎప్పుడు పోసిందో అడగకముందే వైద్యులకు చెప్పండి.