మొక్కు మీది, తల బిడ్డది

మనవైపు బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించి మొక్కు తీర్చుకుంటాం. జమైకాలో రాస్తాఫారి మతం పాటించే ఇళ్ళలో మొక్కు తిరగేసి ఉంటుంది: బిడ్డ తలకు కత్తెర తగలనివ్వరు. బైబిల్లో సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలోని నాజీరు వ్రతాన్ని అందుకు ఆధారంగా చూపిస్తారు. రాస్తా తల్లిదండ్రులకు నా మొదటి మనవి, ఆ అధ్యాయం ఇంకోసారి నిదానంగా చదవమని. అక్కడ వ్రతం పట్టేవాళ్ళు, ఆడైనా మగైనా, తమ నోటితో తామే మొక్కుకుంటారు. దానికి గడువుంటుంది, గడువు తీరాక తల గొరిగించుకుంటారు. తల్లి కడుపులో ఉండగానే వ్రతం పడ్డ సమ్సోను కథ బైబిల్లోనే వేరే చోట ఉంది, నిజమే. అయితే అతను ఆ వ్రతాన్ని ఎలా పోగొట్టుకున్నాడో కూడా అక్కడే ఉంది.

మీ బిడ్డ తలమీద ప్రస్తుతం ఉన్నది మీ మొక్కు. ఏదో ఒకనాటికి అది వాడి మొక్కు కావాలంటే ఈలోపు మీరు చేయాల్సిన పని చాలా ఉంది.

ముందు తలను తలగా చూసుకోండి. జడలు కట్టిన జుట్టు కడగరని బయటివాళ్ళు అనుకుంటారు. అది ఉత్త మాట. కలబంద గుజ్జుతో తల రుద్దడం జమైకాలో పాత అలవాటే. చిక్కంతా ఆరబెట్టడంలో ఉంది. పైకి పొడిగా కనిపించే జడ లోపల గంటల తరబడి తడిగానే ఉంటుంది. సాయంత్రం తలస్నానం చేయించి, ఆ తడిమీదే అల్లిక టోపీ లాగి పడుకోబెట్టారంటే కొన్నాళ్ళకు ముక్కవాసన మొదలవుతుంది. బళ్ళో పక్క పిల్లలు ముక్కు మూసుకుంటారు. అప్పుడు మతాన్ని వెక్కిరించారని కోపం తెచ్చుకుని లాభం లేదు. ఎండ కాసే రోజు చూసి పొద్దున్నే కడగండి. ఒక్కో జడను కుదురు నుంచి కొసదాకా తువ్వాలుతో పిండండి. బిగించి మెలితిప్పకండి. నుదుటి దగ్గర జుట్టు పలచబడుతోందంటే లాగుడు ఎక్కువైందన్నమాట. ఆ సేపంతా బిడ్డ ఎలాగూ మీ ముందు కదలకుండా కూచోవాలి, కథలు చెప్పడానికి అంతకన్న వీలైన వేళ దొరకదు.

ఏ కథలంటారా? 1966 ఏప్రిల్ 21న ఇథియోపియా చక్రవర్తి హైలె సెలాసీ కింగ్‌స్టన్‌లో విమానం దిగినప్పుడు విరగబడ్డ జనం కథ పిల్లలకు ఎలాగూ నచ్చుతుంది, పెద్దలు చెబుతూనే ఉంటారు. దానికి మూడేళ్ళ ముందు, 1963 ఏప్రిల్‌లో, జమైకాలోని కోరల్ గార్డెన్స్‌లో జరిగిన గొడవ తర్వాత పోలీసులు రాస్తాలను ఎక్కడివాళ్ళనక్కడ పట్టుకుని కొట్టి జడలు కోసేసిన సంగతి మాత్రం పిల్లల దగ్గర దాస్తుంటారు. పదేళ్ళు దాటాక చెప్పండి. 2017లో ప్రభుత్వం అందుకు క్షమాపణ చెప్పిందని కూడా కలిపి చెప్పండి. తాతల తలమీద జరిగింది తెలిస్తే తన తలమీద ఉన్నదేమిటో పిల్లవాడికి కొంత తెలుస్తుంది.

ఇంకో కష్టమైన కథ ఉంది. 1930లో పట్టాభిషేకం జరిగిన ఆ చక్రవర్తిని దేవుడని నమ్మే ఇంట్లో పెరిగిన పిల్లకు, ఆయన 1974లో గద్దె దించేశారని, 1975లో నిర్బంధంలో చనిపోయాడని, వొల్లో కరువు కాలంలో ఆయన పాలనమీద తీవ్రమైన విమర్శ వచ్చిందని ఏదో ఒకరోజు ఫోన్‌లో కనిపిస్తుంది. ఆయన మాత్రం ఇథియోపియా ఆర్థొడాక్స్ క్రైస్తవుడిగానే బతికాడని కూడా. ఇవన్నీ మీ నోటి నుంచే ముందు వినాలి. రాస్తాలందరూ ఆయన్ని ఒకే రకంగా చూడరు. నైయబింగి శాఖవాళ్ళ మాట ఒకటి, ట్వెల్వ్ ట్రైబ్స్ శాఖవాళ్ళ మాట మరొకటి. మీ ఇంట్లోనే అమ్మకూ నాన్నకూ తేడా ఉంటే ఆ తేడా పిల్లల ముందు ఒప్పుకోండి.

బడి సంగతి. కెన్యాలో 2019లో, ఘానాలో 2021లో, మలావీలో 2023లో జడలున్న పిల్లల పక్షాన హైకోర్టులు తీర్పులిచ్చాయి. రాస్తా పుట్టిన జమైకాలోనే 2018లో మొదలైన ఒక ఐదేళ్ళ పాప కేసులో 2020 నాటి తీర్పు పాపకు వ్యతిరేకంగా వచ్చి, పై కోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. కోర్టు గెలుపు మంచిదే కానీ, తీర్పు వచ్చేలోపు పిల్లకు ఒకటో తరగతి అయిపోతుంది. చేర్పించే ముందే హెడ్మాస్టరును కలిసి, అనుమతి కాగితం మీద తీసుకోండి. పిల్లకు ఒక్క చిన్న జవాబు నేర్పండి: "మా ఇంట్లో జుట్టు కత్తిరించుకోం." అంతే చాలు. ఆరేళ్ళ పిల్ల చేత క్లాసులో మతబోధ చేయించకండి.

తిండి విషయంలో కొంచెం కటువుగానే చెబుతాను. రాస్తాల ఐటల్ వంట మంచి వంట: కొబ్బరిపాలు, కందులు, గుమ్మడి, కల్లలూ ఆకుకూర, థైమ్, ఘాటు మిరపకాయ. కానీ పాలూ గుడ్డూ చేపా ఏదీ ముట్టని ఇంట్లో బి12 విటమిన్ తిండిలోంచి రాదు. పాలిచ్చే తల్లికి అది లేకపోతే చంటిబిడ్డకూ అందదు, నరాలు, మెదడు దెబ్బతింటాయి. మాత్ర వేసుకోవడం వ్రతభంగం అనుకుంటే ఆ వ్రతం గురించి పెద్దలతో మాట్లాడండి, డాక్టరును మాత్రం మానకండి. ఉప్పు మానేసిన ఇంట్లో అయోడిన్ మాటేమిటని కూడా అప్పుడే అడగండి. ఆకీ కాయ చెట్టుమీద తనంతట తాను నోరు తెరవందే కోయకూడదన్నది జమైకాలో అందరికీ తెలిసిందే. అయినా తోటలో ఆడుకునే పిల్లలకు అది మళ్ళీ మళ్ళీ చెప్పాలి. పచ్చి ఆకీ పిల్లల ప్రాణం తీస్తుంది.

గంజాయి గురించి రెండే మాటలు. 1845 నుంచి జమైకా చెరకు తోటలకు వెళ్ళిన మన దేశపు కూలీల వెంటే అది అక్కడికి చేరిందని చెబుతారు. 2015లో చట్టం మార్చి రాస్తాలు ఆరాధనలో వాడుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ పొగ పెద్దలది. చంటిపిల్లలున్న గదిలో వద్దు, కడుపుతో ఉన్న తల్లి దగ్గర వద్దు.

నైయబింగి ఆరాధన కూటంలో మూడు డోళ్ళుంటాయి. బాస్ గంభీరంగా మోగుతుంది, ఫుందే ఒకే తీరున నడక పట్టి ఉంచుతుంది, రిపీటర్ దానిమీద ఆడుతుంది. పిల్లవాడికి ఫుందే ఇచ్చి కూచోబెట్టండి. కూతురు తనకూ కావాలని అడిగితే, డోలు మగవాళ్ళు వాయించడమే ఆనవాయితీ అని నోరు మూయించకుండా, ఇంట్లోనైనా చేతికివ్వండి. ఆడపిల్లలు ఈ దారి వదిలి వెళ్ళిపోవడానికి ఇలాంటి చిన్న చిన్న "కాదు"లు చాలు.

ఇక పద్నాలుగో ఏట వాడొచ్చి జుట్టు తీయించుకుంటానంటాడు, లేదా అది అంటుంది. అందరూ అనరు, కొందరు అంటారు. ముందు ఎందుకో కనుక్కోండి. ఎవరో ఏడిపిస్తున్నారంటే సరిచేయాల్సింది బడిని. తనకే అనిపించిందంటే కొన్నాళ్ళు ఆగమని అడగండి, శాపాలు తగులుతాయని బెదిరించకండి. అప్పటికీ కావాలంటే తీయించండి. జడలు లేకుండానే రాస్తాలుగా బతుకుతున్నవాళ్ళు ఉన్నారు. ఆ వారం కూటానికి ఎప్పటిలాగే తీసుకెళ్ళి, ఆ ఫుందే దగ్గరే కూచోబెట్టండి. ఎవరైనా పెద్దాయన వాడి తలవైపు చూసి ఏదైనా అంటే జవాబు మీరే చెప్పండి, వాడికి వదిలేయకండి.