హ్యాండిల్‌బార్ కోయించే ముందు

ప్రశ్న: నా కొత్త మౌంటెన్ బైక్ హ్యాండిల్‌బార్ వెడల్పు 800 మిల్లీమీటర్లు. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. కాసేపు తొక్కితే భుజాలు లాగేస్తున్నాయి. కోయించమంటారా?

జవాబు: మీ ఎత్తుకు 800 ఎక్కువే. అయినా రంపం అప్పుడే వద్దు. ముందు గ్రిప్పులు, బ్రేక్ లీవర్లు రెండువైపులా 10 మిల్లీమీటర్ల చొప్పున లోపలికి జరిపి, మీరు రోజూ వెళ్లే దారిలోనే తొక్కి చూడండి. (కొసలు మూసి ఉన్న గ్రిప్పులైతే జరగవు, తెరిచి ఉన్నవి కావాలి.) బయటికి పొడుచుకొచ్చిన బార్ కొసలు చెట్లకు తగలకుండా చూసుకోండి, వాటికి బిరడాలు బిగించండి. రాళ్ల దిగుడులో ముందుచక్రం చెప్పినమాట వినేది బార్ వెడల్పు వల్లే; మరీ తగ్గిస్తే ఆ పట్టు పోతుంది. మీకు 740–760 మధ్య కుదరొచ్చు. కుదిరిందనిపించాకే, ఒక్కో విడతకు ఒక్కోవైపు 5 మిల్లీమీటర్ల చొప్పున కోయించండి. కార్బన్ బార్ అయితే తయారీదారు చెప్పిన కనీస వెడల్పు కంటే తగ్గించకండి.