రొయ్యల జన్యుసముదాయము: పొడవునకును బలమునకును సంబంధము కలదా?

మన డెల్టాలో వరిచేల ప్రక్కనే రొయ్యల చెరువులున్నవి. పిల్ల కొనునపుడు “దీని జన్యువులే వేఱు, రోగము దరిజేరదు” అను మాట వినబడినచో రైతు తూచి చూచుకొనవలెను. అందులకై ఈ పాఠము.

ప్రతి ప్రాణి కణమునందును దాని దేహనిర్మాణమునకు వలసిన వ్రాత యొకటి కలదు. దానినే జీనోము, అనగా జన్యుసముదాయము, అందురు. డి.ఎన్.ఏ. అను సన్నని పోగుపై నాలుగే అక్షరములతో ఈ వ్రాత సాగును. అందు పని చెప్పు వాక్యముల వంటివి జన్యువులు. ఈ వ్రాత పొడవు, సుమారు లెక్కలలో, ఇట్లున్నది:

వరి: 40 కోట్ల అక్షరములు
ఆర్టీమియా (హేచరీలలో పిల్లలకు మేతగా వేయునది): 100 కోట్లు
వనామి రొయ్య: 245 కోట్లు
మనుష్యుడు: 310 కోట్లు
నీరుల్లి: 1600 కోట్లు
ఆర్కిటిక్ సముద్రపు రొయ్యజాతి యొకటి: 4000 కోట్లు

నీరుల్లి మనుష్యునికంటె అయిదింతలు గొప్పదని ఎవరును అనరు గదా! బెజవాడ ఆటోనగరులో లారీకి బాడీ కట్టించినవారు ఎఱుగుదురు: రేకు, కొయ్య ఎంత వేసినను ఇంజను బలము పెరుగదు.

మఱి ఈ పొడవు ఎట్లు పెరిగినది? పూర్వము కరణము పాత అడంగలును చూచి క్రొత్తది వ్రాయునపుడు ఒక వరుసను పొరపాటున రెండుమార్లు వ్రాసెననుకొనుడు. తరువాతివాడు ఆ రెంటిని అట్లే ఎక్కించును. అసలు లెక్క చెడనంతవఱకు దానిని కొట్టివేయువాడుండడు. జీవులలోను ఇట్లే జరుగును. కొన్ని ముక్కలు తమ నకళ్లను వ్రాతలో వేఱొకచోట చేర్చుకొనును. కొన్నిచోట్ల రెండు మూడక్షరముల తునకయే మరల మరల వచ్చును. ప్రాణికి హాని లేనిచో ప్రకృతి ఆ కలుపును తీయదు. 2019లో వెల్లడియైన వనామి జీనోములో ఇట్టి చిన్న తునకల పునరుక్తియే సుమారు నాల్గవ వంతు. మన తీరపు తెల్లరొయ్య జీనోమును చెన్నపట్టణములోని కేంద్ర ఉప్పునీటి జలకృషి సంస్థవారు 193 కోట్ల అక్షరముల వఱకు కూర్చిరి. అందు దాదాపు సగము పునరుక్తమే.

ఇందు రైతునకు ముఖ్యమైన సంగతి మఱొకటి కలదు. వైరసు ముక్కలు సయితము రొయ్య వ్రాతలో కలిసిపోవచ్చును. ఆఫ్రికా, ఆస్ట్రేలియా తీరముల టైగరు రొయ్యలలో ఐ.హెచ్.హెచ్.ఎన్.వి. అను వైరసు తునకలు ఇట్లు చేరియున్నట్లు 2006లో తెలిసినది. అట్టి రొయ్యకు రోగము లేకున్నను పి.సి.ఆర్. పరీక్షలో “వైరసు కలదు” అని రావచ్చును. కాన తునకకును, సజీవమగు వైరసునకును భేదము చూపు పరీక్ష అవసరము.

టైగరు, వనామి జీనోముల పొడవు ఇంచుమించు సమానమే. అయినను 2009లో వనామికి అనుమతి లభించిన పిమ్మట అనేక చెరువులలో టైగరు స్థానమును వనామి ఆక్రమించినది. కారణము పొడవు కాదు. తరతరములుగా నిర్బంధమున పెంచి, రోగములేని తల్లులను, త్వరగా ఎదుగు సంతతిని ఏరుకొనుటయే. 1994 తరువాత టైగరును నాశనము చేసిన తెల్లమచ్చ వ్యాధి వనామిని సయితము విడువదు. “రోగములేని పిల్ల” యనగా రోగము రాని పిల్ల యని అర్థము కాదు.

కావున సభ్యులు గమనింపవలసినవి:

1. కోస్తా జలకృషి ప్రాధికార సంస్థ వద్ద నమోదైన హేచరీ పిల్లనే కొనుడు; రసీదును భద్రపఱచుడు.
2. చెరువులో పెరిగిన రొయ్యలను తల్లులుగా వాడిన చోటి పిల్లను, చౌకయని ఆశించి, తేవలదు. రోగమును, రక్తసంబంధపు సంతతి దౌర్బల్యమును వెంట వచ్చును.
3. పిల్లను వదలుటకు ముందే పరీక్ష చేయించుడు. టైగరు పిల్లకు ఐ.హెచ్.హెచ్.ఎన్.వి. ఉన్నట్లు వచ్చినచో, ఏ విధమగు పరీక్ష చేసిరో ప్రయోగశాలవారిని అడుగుడు.
4. పిల్ల యెంత మంచిదైనను చెరువుగట్టు, నీరు, మేత విషయమై ఏమఱకుడు.

విత్తనమును బస్తా బరువు చూచి కొనము. మొలకకట్టి చూచి కొందుము. రొయ్యపిల్ల విషయమునను అదియే న్యాయము.