వీధి కుక్కల ఆపరేషన్లు: ఖర్చు ఎవరిది?

వేసవిలో నూజివీడు వైపు వెళ్తే మామిడి తోటల్లో, కాయలు సర్దే షెడ్ల దగ్గర కుక్కలు తిరుగుతుంటాయి. వాటిలో దేని చెవి కొసనైనా ‘వి’ ఆకారపు గాటు ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు.

ఈ ఆపరేషన్లు చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. ఊళ్లో పురపాలక సంఘం, తోటల వైపు పంచాయతీలు చూసుకోవాలి. జంతు జనన నియంత్రణ నిబంధనలు–2023 ఆ మాటే చెబుతున్నాయి. 2001 నాటి నిబంధనల స్థానంలో ఇవి వచ్చాయి. మాతృచట్టం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం.

కేంద్రం సవరించిన జంతు జనన నియంత్రణ పథకంలో ఆపరేషన్‌కు ఇచ్చే సాయం కుక్కకు రూ.800, పిల్లికి రూ.600. పట్టుకోవడం, మత్తు, రేబిస్ టీకా, కోలుకునేదాకా తిండి, మళ్లీ దింపి రావడం అన్నీ లెక్కేస్తే ఇది పెద్ద మొత్తమేమీ కాదు. కత్తి పట్టే పని కన్నా దాని ముందూ వెనకా పనే ఎక్కువ. నూజివీడుకు దగ్గర్లోనే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉండటం కలిసొచ్చే విషయం.

కుక్కలకు ఆపరేషన్ చేసి తిరిగి వదిలే ఈ పద్ధతిని 1964లో మొదలుపెట్టింది చెన్నైలోని జంతు సంరక్షణ సంస్థ బ్లూక్రాస్. పట్టిన చోటే వదలాలన్నది నియమం. రేబిస్ సోకినవాటికి, దూకుడు కుక్కలకు సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న మినహాయింపు ఇచ్చింది. 1960 నాటి ఆ చట్టం కిందే జంతు సంక్షేమ బోర్డు 1962లో ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు రుక్మిణీదేవి అరండేల్.

పోటీ పరీక్షలకు చదివేవారిని తికమకపెట్టే బిట్ ఒకటుంది: పశువైద్యం రాష్ట్ర జాబితాలో 15వ అంశం, జంతు హింస నివారణ ఉమ్మడి జాబితాలో 17వది. రెండూ కలిపి చదవండి.