వృద్ధాశ్రమములో టెలివిజను: నివాసుల ఇష్టము, గౌరవము

పూర్వము మన గ్రామములలో వృద్ధుల పోషణ ఇంటివారి బాధ్యతగానే ఉండెడిది. నేడు బిడ్డలు బ్రతుకుతెరువునకై హైదరాబాదునకో, బెంగుళూరునకో, గల్ఫు దేశములకో, అమెరికాకో తరలిపోవుచున్నారు. ఊరిలో మిగిలిన తల్లిదండ్రులలో కొందరు వృద్ధాశ్రమములలో చేరుచున్నారు. పిల్లలు లేనివారును, ఉండియు ఆదరణ లేనివారును అచ్చటనే తలదాచుకొనుచున్నారు. కావున ఇట్టి ఆశ్రమములు ఎట్లు నడువవలెనో తెలిసికొనుట పంచాయతీ సభ్యులకు అవసరము.

ఆశ్రమమును చూడబోయిన పెద్దలు వంటయిల్లు, మంచినీటి తొట్టి, మరుగుదొడ్లు, మందుల బీరువా చూచి వచ్చుట పరిపాటి. ఇవన్నియు చూడవలసినవే. కాని చూడవలసిన వస్తువు మరియొకటి కలదు. అది హాలులోని టెలివిజను. దానిని ఎవరు పెట్టుచున్నారు, ఎవరి ఇష్టము ననుసరించి పెట్టుచున్నారు అను విషయము గమనించినచో, ఆ ఆశ్రమములో వృద్ధులకు గల గౌరవమెంతయో తెలియగలదు.

ఒక ఆశ్రమములో కనిపించినది

కొంతకాలము క్రిందట ఈ వ్యాసకర్తకు ఒక వృద్ధాశ్రమమును చూచు అవకాశము కలిగినది. హాలు శుభ్రముగా నున్నది. గోడకు పెద్ద టెలివిజను తగిలించియున్నది. దాని కెదురుగా ఇరువదిమంది వృద్ధులు కుర్చీలలో కూర్చుండిరి. తెరపై ఒక సీరియలు నడచుచుండెను. దానిని శ్రద్ధగా చూచుచున్నవారు ఇద్దరే: నేల తుడుచు ఆమె, మందులిచ్చు యువకుడు. వృద్ధులలో కొందరు కునుకు తీయుచుండిరి. కొందరు కిటికీవైపు చూచుచుండిరి.

ఒక పెద్దాయనను, “ఈ కథ మీకు నచ్చినదా, పెద్దయ్యా?” అని అడుగగా ఆయన ఇట్లనెను: “మాదేముంది బాబూ, వాళ్ళు ఏది పెడితే అదే. నాకు వానల కబురు వినాలని ఉంటుంది. అడిగితే, ఇంకా నీకు పొలమెక్కడుంది తాతా అని నవ్వుతారు.”

ఆ యువకుడు చెడ్డవాడు కాడు. పెద్దాయనకు వేళకు మందిచ్చును, చేయిపట్టి నడిపించును. అతడు ఆ మాటను వేళాకోళమునకే అనియుండును. కాని ఏబదియేండ్లు సేద్యము చేసిన మనిషికి వాన కబురు కేవలము కాలక్షేపము కాదు. పొలము చేతులు మారినను, మబ్బు పట్టినప్పుడు ఆయన మనస్సు చేనిలోనే యుండును. “నీకు పొలమెక్కడుంది” అనుమాట “నీకు ఇంకను ఇష్టమెక్కడిది” అనుమాటతో సమానము.

ఇది చిన్న విషయము కాదు

ఆశ్రమములో చేరినవారు తమ ఇల్లు, ఇరుగుపొరుగు, వంటయిల్లు, తాళముచెవులు అన్నియు విడిచి వచ్చినవారు. ఎప్పుడు లేవవలెను, ఏమి తినవలెను, ఎప్పుడు స్నానము చేయవలెను అనునవి చాలవరకు ఇతరులే నిర్ణయింతురు. అట్టివారికి తాము నిర్ణయించుకొనుటకు మిగిలినవి కొద్ది విషయములే. ఏమి చూడవలెను, ఏమి వినవలెను అనునది వానిలో నొకటి. అదియు తీసివేసినచో, మనిషికి అన్నము పెట్టుచున్నాము గాని మనిషిగా చూచుట లేదని అర్థము.

టెలివిజను పెట్టి వృద్ధులను దానికి అప్పగించి వెళ్ళిపోవుట మరియొక పొరపాటు. అది మాటలాడును గాని మనము చెప్పునది వినదు. పలుకరింపునకు బదులుగా దానిని వాడరాదు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. 60 సంవత్సరములు నిండినవారు దీని ప్రకారము వయోవృద్ధులు. జిల్లాకు కనీసము ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమములను దశలవారీగా నెలకొల్పుటకు 19వ విభాగము రాష్ట్ర ప్రభుత్వములకు వీలు కల్పించినది. ఆశ్రమముల నిర్వహణకు ప్రభుత్వము చేయు పథకములో వైద్య సంరక్షణకును, నివాసుల వినోదమునకును కావలసిన సేవలు చేరియుండవలెనని అదే విభాగము పేర్కొనుచున్నది. వైద్యముతోపాటు వినోదమును చట్టమే పేర్కొన్నదను సంగతి సభ్యులు గుర్తుంచుకొనవలెను. ఆ వినోదము నివాసులది, సిబ్బందిది కాదు.

ఐక్యరాజ్యసమితి 1991లో వయోవృద్ధుల విషయమై ఆమోదించిన సూత్రములు ఐదు శీర్షికల క్రింద ఉన్నవి: స్వాతంత్ర్యము, భాగస్వామ్యము, సంరక్షణ, ఆత్మవికాసము, గౌరవము. సంరక్షణ వీనిలో ఒకటి మాత్రమే. మిగిలిన నాలుగింటిని మరచి సంరక్షణ నొక్కదానినే చూచుట మన అలవాటైనది.

అమెరికాలో దీర్ఘకాలము సంరక్షణ అవసరమైన వృద్ధులుండు గృహములను నర్సింగ్ హోములందురు. మన యూళ్ళలో ఆ పేరుతో పిలుచు చిన్న ఆసుపత్రులు వేరు. ఆ గృహముల విషయమై అచ్చటి ప్రభుత్వము 1987లో చట్టము చేసినది. తమ దినచర్యను, పాల్గొను కార్యక్రమములను ఎంచుకొను హక్కు నివాసులకు కలదని అచ్చటి నిబంధనలు చెప్పుచున్నవి. నివాసులు సంఘముగా ఏర్పడి తమ కష్టములు చెప్పుకొనవచ్చును. యాజమాన్యము వానిని ఆలకించి తగు చర్య తీసికొనవలెను.

నాటి పెట్టె, నేటి పెట్టె

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ‘సైట్’ అను ఉపగ్రహ టెలివిజను ప్రయోగము జరిగినది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజను పెట్టెలు వచ్చినవి. వానిని పాఠశాల, పంచాయతీ కార్యాలయము వంటి బహిరంగ స్థలములలో నుంచగా, ఊరివారందరు గుమిగూడి చూచిరి. నాడు వచ్చిన కార్యక్రమమే చూడవలసియుండెను. ఎంచుకొను ప్రశ్నయే లేదు.

నాటి యువకులు నేడు వృద్ధులు. ఇప్పుడు వందలకొలది ఛానళ్ళు వచ్చుచున్నవి. ఒకరికి భక్తి కార్యక్రమము కావలెను. ఒకరికి వార్తలు, ఒకరికి క్రికెట్టు. ఇంకొకరికి 1957లో వచ్చిన ‘మాయాబజార్’, 1963లో వచ్చిన ‘లవకుశ’ మరల చూడవలెనని యుండును. హిందువు, ముస్లిము, క్రైస్తవుడు ఎవరి ప్రార్థన వారు వినగోరుదురు. ఏదియు వద్దు, నిశ్శబ్దము చాలునను వారును ఉందురు. వారి కోరికయు కోరికయే.

వంతుల పద్ధతి

ఒకే పెట్టె, ముప్పదిమంది మనుషులు. అందరి ఇష్టము ఎట్లు సాగునని సభ్యులు అడుగవచ్చును. దీనికి సమాధానము రైతులకు తెలిసినదే. తూము క్రింద నీరు తక్కువైనప్పుడు వంతులు వేసికొందుము. ఎక్కువ భూమి కలవారు పెక్కుమంది ఉన్నారని, చివర ఎకరము కలవాని వంతు తీసివేయుట న్యాయము కాదు. టెలివిజను విషయమునను అంతే. చేతులెత్తించి లెక్కించినచో ఎక్కువమంది కోరినదే ప్రతిదినము నడచును; ఒంటరివాని కోరిక ఎన్నటికిని తీరదు. కావున ఈ క్రింది ఏర్పాట్లు మేలు:

1. వారమున కొకసారి నివాసులు కూర్చుండి వేళల పట్టిక తయారు చేసికొనవలెను. పట్టికను పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటించవలెను. చదువురానివారికి చదివి వినిపించవలెను.

2. నోరు విప్పనివారిని, మంచము దిగలేనివారిని వారి యొద్దకే పోయి అడుగవలెను. మాట రానివారి అలవాట్లను బంధువులనడిగి తెలిసికొనవచ్చును.

3. రిమోటు నివాసులకు అందుచోట నుంచవలెను. ఒకరు చూచుచుండగా అడుగకుండ ఛానలు మార్చరాదు.

4. వయస్సుతో వినికిడి తగ్గును. ఒకరికి వినబడునంత శబ్దము పెట్టినచో మరియొకరికి బాధ. అట్టివారికి చెవికి పెట్టుకొను హెడ్‌ఫోను ఇప్పించవలెను. వినికిడి పరీక్షయు చేయించవలెను.

5. రాత్రి నిద్రించు గదులలో శబ్దము, వెలుతురు ఉండరాదు. నిద్ర పట్టనివారు వేరుచోట చూచుకొనవచ్చును.

6. టెలివిజను వద్దనువారికి కూర్చుండుటకు ఒక వరండాయో, చెట్టునీడయో ఉండవలెను. రేడియో, దినపత్రిక అందుబాటులో నుండవలెను.

వీనికి పెద్ద ఖర్చు లేదు. కావలసినది అడిగెడు అలవాటు మాత్రమే.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

రాజ్యాంగము పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు కలవు. సాంఘిక సంక్షేమము వానిలో నొకటి. మీ పరిధిలో ఆశ్రమమున్నచో ముందుగా నిర్వాహకులతో మాటలాడి వెళ్ళుడు. తప్పులు పట్టుటకు పోయినట్లు కాక, బంధువులను చూడబోయినట్లు పోవలెను. సిబ్బందికి పని ఎక్కువ, జీతము తక్కువ అగుట కద్దు. వారి కష్టమును కూడ ఆలకింపుడు. ఆశ్రమములో గాని ఇంటిలో గాని వృద్ధులకు అన్యాయము జరుగుచున్నచో 14567 అను ఎల్డర్ లైనుకు ఫోను చేయవచ్చునని గ్రామసభలో తెలియజేయుడు.

వెళ్ళినప్పుడు అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. ఈ దినము టెలివిజనులో ఏమి చూడవలెనో ఎవరు నిర్ణయించిరి? మీకు ఇష్టమైన కార్యక్రమము కడపట ఎప్పుడు చూచితిరి? వద్దనిపించినప్పుడు దూరముగా కూర్చుండుటకు చోటు కలదా? మిమ్ము ఇక్కడివారు ఏమని పిలుతురు? ఈ ప్రశ్నలను నిర్వాహకుల నడుగుటతో తృప్తిపడక, కుర్చీలో కూర్చుండిన వృద్ధులనే అడుగుడు. సమాధానము వచ్చుటకు కొంత ఆలస్యమగును. ఓపికతో వేచియుండుడు. చాలకాలముగా ఎవరును అడుగని ప్రశ్నకు వారు సమాధానము వెదకుకొనవలసియుండును.

ఆ పెద్దాయన కోరినది రోజునకు ఐదు నిమిషముల వాన కబురు. దానిని ఇప్పించుటకు నిధులు అక్కరలేదు, ఉత్తరువులు అక్కరలేదు. నేడు మనము ఏర్పరచు మర్యాదయే రేపు మనకు దక్కునది.