దాచని యతుకు: శిల్పి రిచర్డ్ డీకన్

శిల్పమనగానే మనకు స్ఫురించునది ఱాతియందు మలచిన దేవతామూర్తియో, కూడలిలో నిలిపిన మహాపురుషుని విగ్రహమో గదా! దానిని జూచి "ఇది యెవరిది?" అని యడుగుదుము, పోలిక కుదిరినచో శిల్పిని మెచ్చుకొందుము. అయితే ఎవరి పోలికయు, దేని పోలికయు లేని శిల్పము కూడ కలదు. దానినే అమూర్తశిల్ప మందురు. పోలిక లేనిచోట శిల్పి ప్రతిభను దేనినిబట్టి నిర్ణయింపవలెను? ఈ ప్రశ్నకు బ్రిటిషు శిల్పియగు రిచర్డ్ డీకన్ కృషియందు చక్కని సమాధానము లభించును.

డీకన్ 1949వ సంవత్సరమున వేల్సు దేశమందలి బాంగర్ పట్టణమున జన్మించెను. లండను నగరమున సెయింట్ మార్టిన్స్ కళాశాలలో 1969 మొదలు 1972 వఱకును, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో 1974 మొదలు 1977 వఱకును విద్య నభ్యసించెను. పిదప 1978లో అమెరికాకు బోయి, అచ్చట నున్నకాలమున జర్మనుభాషాకవి రిల్కే గాయకుడగు ఆర్ఫియసును గూర్చి రచించిన పద్యములను జదివి, వానిచే ప్రేరితుడై కొన్ని చిత్రములను గీసెను. నోటిని, చెవిని, కొమ్ముబూరను స్ఫురింపజేయు ఆ వంపుగీతలే తరువాతి శిల్పములకు బీజములైనవి.

పూర్వశిల్పులు ముఖ్యముగా రెండు మార్గముల నెఱుగుదురు. ఒకటి ఱాతినో కఱ్ఱనో చెక్కుట. రెండవది మట్టితో రూపము దిద్ది లోహము పోతపోయుట. డీకన్ ఈ రెంటిని విడిచి, వంచుట, అతుకుట, బిగించుట యను పనులను చేపట్టెను. తన్ను "ఫాబ్రికేటర్", అనగా వస్తువులను కూర్చి నిర్మించువాడు, అని చెప్పుకొనుట ఆతనికి ప్రియము.

ఆతని పనితీరును గ్రహించుటకు వెదురును దలచుకొనుడు. నిండు వెదురు వంగదు. దానిని సన్నని బద్దలుగా చీల్చినచో మేదరి చేతిలో బుట్టగా వంగును. మందపు కఱ్ఱను వంచినప్పుడు వెలుపలి ముఖము సాగవలెను, లోపలి ముఖము కుంచించుకొనవలెను. ఆ రెంటికి నోర్వలేక కఱ్ఱ విఱుగును. పలుచని పట్టీలను జిగురు పూసి యొకదానిపై నొకటి పేర్చి వంచినచో, అవి కొంచెము కొంచెముగా జాఱి సర్దుకొనును. జిగురు ఆఱినపిమ్మట ఇక జాఱలేవు గనుక ఆ వంపు స్థిరపడును. 1983లో నిర్మించిన "చెవులుగలవారికొఱకు, సంఖ్య 2" అను శిల్ప మీ రీతిగానే యేర్పడినది. 1998 నాటి "ఆఫ్టర్" అను దీర్ఘశిల్పమున కఱ్ఱను ఆవిరిచే మెత్తపఱచి వంచిరి. ఈ రెండును టేట్ సంగ్రహమున గలవు.

ఇందలి విశేష మేమనగా, పట్టీలనడుమనుండి పొంగి గట్టిపడిన జిగురును డీకన్ గీకివేయలేదు. రేకులను కలిపిన రివెట్లను రంగుచే కప్పలేదు. "ఈ పని వడ్రంగియు చేయును గదా, ఇందు కళ యేది?" అని కొందఱు శంకింపవచ్చును. వడ్రంగి కుర్చీ చేసినచో మన దృష్టి ఉపయోగముపై నిలుచును. విగ్రహమైనచో పోలికపై నిలుచును. ఉపయోగమును పోలికయు లేనిచోట కంటికి మిగిలినది నిర్మాణమొక్కటే. ఈ వంపు ఎట్లు నిలిచినది, ఈ భార మెచ్చట నానినది యని చూపరి తానే విచారింపవలసివచ్చును. ఆ విచారణ కలిగించుటయే ఈ కళయొక్క ప్రయోజనము.

1987లో డీకన్‌కు టర్నర్ బహుమానము లభించెను. 1990లో గేట్స్‌హెడ్ పట్టణమున టైన్ నదీతీరమందలి పాతవంతెన కట్టడముపై "అనగనగా" అను అర్థముగల పేరుతో నొక ఉక్కుశిల్పము నెలకొల్పెను. 2007లో వెనిస్ కళాప్రదర్శనమున వేల్సు ప్రతినిధులలో నొకడయ్యెను. 2014లో లండనునందలి టేట్ బ్రిటన్ ఆతని కృతులను ప్రదర్శించెను.

విద్యార్థులారా, లెక్కలో తుది సమాధానమును మాత్రమే చూపి నడుమ మెట్లను దాచినవానిని ఉపాధ్యాయుడు నమ్మడు. చేతిపనిని చిన్నచూపు చూచి, పూర్తియైన వస్తువును మాత్రము మెచ్చుకొను మనకును ఆ లోపమే కలదు. కావున ఇకమీద బల్లను గాని బండిచక్రమును గాని చూచునప్పుడు, దాని నునుపును మాత్రమే గాక, అది యతుకబడిన చోటును కూడ శ్రద్ధతో పరిశీలింపుడు. చేసినవాని బుద్ధియు ఓర్పును అచ్చటనే కానవచ్చును.